తలుపు మీద సుద్దరాత

ఉదయం ఆరింటికి పరిమళ పాలు పొయ్యి మీద పెట్టి చుట్టూ చూసింది. వంటింట్లో సుద్దతో రాసి పెట్టుకున్న ఇటాలియన్ మాట ఒక్కటీ మిగల్లేదు. అలమర మీద రాసుకున్న ‘అప్రో’ లేదు. తెరుస్తాను అని అర్థం. కుళాయి పక్కన ‘లావో’ లేదు. అంటే కడుగుతాను. పైన, కింద గుర్తుండటానికి బియ్యం డ్రమ్ము మూత మీద ‘సోప్రా’, అడుగున ‘సొత్తో’ అని రాసి ఉంచింది. అవీ లేవు. కిటికీ ఊచకు తడిగుడ్డ వేలాడుతోంది.

పదిహేనేళ్లుగా ఆమె బూట్ల కంపెనీలో కుట్టుమిషను మీద పనిచేస్తోంది. అక్కడికి ఇటలీ నుంచి కొత్త మిషన్లు వస్తున్నాయి. వాటి పని నేర్చుకునేందుకు ఒకరిని మూడు నెలలు ఇటలీ పంపుతారు. ముందు ఒక పరీక్ష. ఇరవై క్రియలు, మీద, కింద, లోపల లాంటి మాటలు పది రావాలి. పరీక్ష శనివారం. ఈ రోజు గురువారం.

“ఎవరు తుడిచింది?”

“నేనే,” అన్నాడు భర్త సూర్య, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “ఇది ఇల్లా, స్కూలా? పక్కింటోళ్లు చూసి నవ్వి పోయినారు.”

“నవ్వుకోనీ.”

“నలభై రెండేళ్లకి ఏందే ఈ చదువు?”

“మొన్న మిషన్ల పని మీద వచ్చిన ఇటలీ ఆయన నా కుట్టు చూసి ఏదో అడిగినాడు. నా బదులు సూపర్వైజరు చెప్పినాడు. నా చేతిపని గురించి నేను చెప్పుకోకూడదా?”

“నేను వద్దంటే?”

“మళ్లీ రాస్తా. నువ్వు తుడువు. ఇంకోసారి రాస్తా.”

ఆమె సుద్దముక్క తీసింది. సూర్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ముందుగదిలో నీళ్ల గ్లాసు కింద పెట్టిన చప్పుడు. సూర్య తండ్రి కన్నియప్పన్ లేచి వచ్చాడు. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ముప్పై అయిదేళ్లు చేసి రిటైరైన మనిషి.

“ఒరే, రైలు పెట్టె మీద రిపేరుకని సుద్దగుర్తు పెడితే ఎవరు తుడవాల?”

సూర్య చెయ్యి వదిలేశాడు. చిన్నప్పటినుంచి వింటున్నదే. “పని ముగించినోడు.”

“నడిమధ్యలో ఎవడో తుడిస్తే?”

“నాయనా, అది రైలుపెట్టె.”

“రిపేరు కాని పెట్టె లైను మీదికి పోతుంది. అట్లా తుడిచినోడి చొక్కా పట్టుకున్నా నేను. ఈ పిల్ల పని ముగిసిందా? నువ్వెట్లా తుడిచినావు?”

సూర్య తడిగుడ్డ వైపు చూశాడు. “మూడు నెలలంటారు. ఆడే ఉండిపొమ్మంటే?”

పక్కింటివాళ్ల నవ్వు కాదు, ఇదీ అతని భయమని పరిమళకు అప్పుడు తెలిసింది. కళ్లు నిండాయి. అయినా సుద్దముక్క వదల్లేదు. వాకిలి దాకా వెళ్లి తలుపు మీద ‘తోర్నో’ అని రాసింది.

“ఏందమ్మా అది?” అన్నాడు కన్నియప్పన్.

“తిరిగొస్తాను అని, మామా.” ఆమె సూర్య వైపు తిరిగింది. “దీన్ని ఎవరూ తుడవొద్దు. నేర్చుకునొచ్చి నేనే తుడుస్తా.”

సూర్య ఆమె చేతిలోంచి సుద్దముక్క తీసుకుని వంటింట్లోకి నడిచాడు. బియ్యం డ్రమ్ము ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అడుగున ఏం రాసింటివి, చెప్పు.”