ఎండబెట్టిన బోర్డు

ఏలూరు పవర్‌పేటలో మేడమీద గది. కిటికీ పక్కన బల్ల, బల్లమీద స్క్రూడ్రైవర్లు, అగరొత్తుల డబ్బాలో మరమేకులు. లాప్‌టాప్‌లు విప్పి బిగించడం జాయ్సీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. డిగ్రీ చదువుతూనే, రెండు పాడుచేసి, మూడోదానికి పట్టేసింది.

ఆ రోజు రూతమ్మగారు కలిదిండి నుంచి బస్సులో వచ్చింది. ఒళ్ళో తడి తువ్వాలు, అందులో లాప్‌టాప్. ఆవిడ కొడుకు దేవరాజు చేపల చెరువుల్లో నీటి పరీక్షలు చేసేవాడు. పదిరోజుల కిందట కొల్లేట్లో దోనె తిరగబడింది. రెండోనాడు తేలాడు, భుజాన బ్యాగుతో సహా.

"ఫొటోలు తీసిస్తే చాలు తల్లీ. మిగతాది ఇలా తడిగానే కాలవలో పడేయండి. ఎండబెట్టకండేం."

"ఎందుకండీ?"

"నీళ్ళలో పోయినోళ్ళవి ఎండబెట్టకూడదమ్మా. వాడి బట్టలు కూడా తడితోనే పాతిపెట్టాం. ఎండాయంటే తడి వెతుక్కుంటాయి. ఈ తువ్వాలు నేను రోజూ తడుపుతూనే ఉన్నా."

"అలాగేనండీ, తప్పకుండా," అంది జాయ్సీ, నవ్వు ఆపుకుంటూ.

ఫొటోలు దక్కాయి. లోపలి మదర్‌బోర్డు మాత్రం కాలవకు పోలేదు. అది జాయ్సీ లాప్‌టాప్ మోడలే. తన ప్రాసెసర్ వేగం ఒకటి పాయింట్ రెండు గిగాహెర్ట్జ్, దేవరాజుది రెండు. ఈ మోడల్‌లో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది. వేగం కావాలంటే బోర్డు మొత్తం మార్చాల్సిందే.

ఆమెకు వేగం కావాలి. వీడియోల పనిలో మొట్టమొదటి ఆర్డరు, పేటలోని భీమశంకరంగారమ్మాయి గీతాంజలి పెళ్ళి వీడియో. శనివారం తెల్లవారుజామున పెళ్ళి, ఆ సాయంత్రమే ఏడింటికి రిసెప్షన్‌లో వేయాలి. బాగుంటే పేటంతా తన దగ్గరికే వస్తుంది, లేకపోతే "ఆడపిల్లకి ఇచ్చాం, ఇంకేముంది" అంటారు. వీడియో తయారవడానికి పాత బోర్డుతో పద్నాలుగు గంటలు. కొత్తదానితో ఎనిమిది గంటల ఇరవైనాలుగు నిమిషాలు. పొద్దున్న పదింటికి మొదలెడితే ఆరూ ఇరవైనాలుగుకి చేతిలో ఉంటుంది.

దేవరాజు లాప్‌టాప్ విప్పింది. ఫ్యాను రెక్కల మధ్య పచ్చటి పాచి. కింద నల్లటి అడుసు, అందులో ఉబ్బిన చేపమేత గుళికలు. ఫ్యానుకు ఏదో చుట్టుకుని ఉంది. పట్టకారుతో లాగింది. జుట్టు... చివర తెల్లగా కొంచెం చర్మం. కుళ్ళిన చేపల వాసన ముక్కులోంచి గొంతులోకి దిగింది. పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంది. వచ్చి మళ్ళీ బ్రష్షు పట్టుకుంది. స్పిరిట్ పోసి తోమింది. అరవై వాట్ల బల్బు కింద రాత్రంతా ఎండబెట్టింది.

పొద్దున్న పదింటికి బిగించి, వీడియో పెట్టింది. పరుగే పరుగు.

పదకొండింటికి నీళ్ళ సీసా ఎత్తింది. ఖాళీ. తనే తాగి ఉంటుందనుకుంది. కుండలోది ముంచుకోబోతే గ్లాసు అడుగుకు ఠంగున తగిలింది. పొద్దున్నే నింపిన కుండ. అడుగున కాస్త అడుసు...

నాలుక అంగిలికి అతుక్కుపోయింది. తలంటుకున్న జుట్టు గడ్డిలా గరగరలాడుతోంది.

లాప్‌టాప్ పక్కనుంచి వేడిగాలి రావాలి. చల్లగా వస్తోంది. చెమ్మగా... అదే వాసన.

ఫ్యాను ఆగింది. ఒక గుటక వినిపించింది.

మళ్ళీ తిరిగింది. మళ్ళీ గుటక. జాయ్సీ లెక్కపెట్టింది. తొమ్మిది సెకన్లు. మళ్ళీ తొమ్మిది. ఒక్కటి కూడా తేడా లేదు.

తీసేయాలి. తీస్తే ఏడింటికి వీడియో లేదు.

తీయలేదు.

నాలుగింటికి ఫోన్ మోగింది. రూతమ్మగారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"అమ్మా... ఎండబెట్టారా?"

"లేదండీ. ఆ రోజే పడేశానండీ."

అటువైపు చెంబు దేనికో ఠంగున తగిలిన చప్పుడు.

"మరి మా ఇంట్లో కుండ ఎందుకు ఖాళీ అయిందమ్మా?"

జాయ్సీ ఫోన్ పెట్టేసింది. నోట్లో ఉమ్మి లేదు. అడుసు రుచి మాత్రం ఉంది. కీబోర్డు మీద చెయ్యి పెడితే వేళ్ళ చర్మం ముడుచుకుంటోంది. అసహ్యం వేసింది... ఆ వాసన మీద కాదు, తన మీద తనకే.

సరిగ్గా ఆరూ ఇరవైనాలుగుకి పని అయింది. డిస్కు భీమశంకరంగారి మనిషి చేతికిచ్చి, బోర్డు పీకి, గుడ్డలో చుట్టి కాలవగట్టుకు పరిగెత్తి విసిరేసింది. నీళ్ళలో బుడగలు లేచాయి. చాలాసేపు లేచాయి. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగింది. దాహం తీరింది. పాత బోర్డు బిగించుకుంది. రెండురోజులు హాయిగా నిద్రపోయింది.

మూడోనాడు భీమశంకరంగారు ఫోన్ చేశారు.

"అద్దిరిపోయిందమ్మాయ్! తాడేపల్లిగూడెం వియ్యాలవారు నాలుగుసార్లు వేసుకున్నారట. కాపీలు తీయించి చుట్టాలందరికీ పంచేశాం."

"ఎన్నండీ?"

"నలభై. ఇదిగో, మా ఇంట్లో ఇప్పుడు కూడా అదే నడుస్తోంది. ఒక్క చిత్రం ఏంటంటే, చూస్తున్నంతసేపూ ఒకటే దాహం. నీళ్ళు బిందెలకు బిందెలు చాలట్లేదనుకో..."

మాట ఆగిపోయింది.

"భీమశంకరంగారూ?"

వెనక పెళ్ళి సన్నాయి మాత్రం వినిపిస్తోంది. జాయ్సీకి తెలియకుండానే పెదాలు అంకెలు పలుకుతున్నాయి. ఏడు... ఎనిమిది... తొమ్మిది.

గుటక.