మాటలేని సేవ

తెల్లవారుతూనే నర్మద వేణ్నీళ్ల బకెట్టు తెచ్చి అత్త మంచం పక్కన పెట్టింది. పక్షవాతంతో కుడి పక్క చచ్చుబడిపోయిన బాలవ్వను నెమ్మదిగా ఒత్తిగిలించి, ఒళ్లు తుడిచి, తడిసిన పక్కబట్ట తీసి పొడిది వేసింది. వీపు పుండ్లు పడకుండా పౌడరు చల్లింది. తల దువ్వి ముడి వేసింది. జావ చల్లార్చి చెంచాతో తాగించి మూతి తుడిచింది. ఇంత పనిలోనూ ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు. బాలవ్వ కూడా ఏమీ అడగలేదు. పైన రేకుల వంక చూస్తూ పడుకుంది.

నర్మద చేతులు కడుక్కుని గోడ పక్కన మోకరించింది. రోజూ చేసే ప్రార్థనే. పిల్ల కోసం, పెనిమిటి కోసం, వీధిలోని రోగుల కోసం అడిగింది. చివర ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టింది. క్షమించడం గురించిన మాట దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆమె గొంతు వడివడిగా ముందుకు పోయింది. ఎర్రగా కాలిన రాయి మీద కాలు పడ్డట్టు ఆ మాట మీంచి దాటేసి ఆమేన్ అంది.

అది ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలం. సిరిసిల్లలో ఆ వీధంతా సాంచాల చప్పుడే. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలంటారు. నర్మద భర్త కైలాసం ఒక సేటు దగ్గర రాత్రిపూట సాంచాలు నడిపి, పొద్దున ఎర్రటి కళ్లతో ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని పడుకుంటాడు. నర్మద బీడీలు చుడుతుంది. ఒక్కగానొక్క కూతురు సుగుణ మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చింది.

సుగుణ చిన్నప్పుడు అదే ఆస్పత్రిలో బతికి బయటపడింది. విషజ్వరంతో ఒళ్లు తెలియని పిల్ల పక్కన ఒక సిస్టరమ్మ కన్నతల్లిలా కూర్చుని కనిపెట్టుకుంది. ఆ కనికరం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలని నర్మద మందిరానికి వెళ్లడం మొదలుపెట్టింది. చివరికి బాప్తిస్మం తీసుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వస్తే బాలవ్వ తలుపు తీయలేదు. కులపెద్దలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాన కురుస్తోంది. నర్మద ఒళ్లో పాలు తాగే కొడుకు ఉన్నాడు. కైలాసం పని నుంచి వచ్చేదాకా ఆమె సుగుణను పక్కన పెట్టుకుని చూరు కింద తడుస్తూ నిలబడింది. అద్దె గదిలో చేరిన కొద్ది రోజులకే చంటివాడికి ఊపిరి ఎగబోసుకుంది. పిల్లవాణ్ని మట్టి చేసిన రోజున కూడా బాలవ్వ రాలేదు.

అలాంటి అత్తకు కాలూ చెయ్యీ పడిపోయాయి. పెద్దకొడుకు నాగయ్య భార్యాపిల్లలతో బొంబాయి దగ్గరి భివండికి బతకపోతూ తల్లిని తెచ్చి తమ్ముడి గడపలో దించాడు. కైలాసం ఏమీ అనలేక భార్య ముఖంలోకి చూశాడు. నర్మద మంచం వాల్చింది. ఆనాటి నుంచీ ఈ చాకిరీ.

పొద్దెక్కాక మందిరం నుంచి పాస్టరు గారి భార్య వచ్చింది. సంఘంలో అందరూ ఆమెను అమ్మగారూ అనే పిలుస్తారు. మంచం మీద తెల్లటి పక్కబట్ట, నున్నగా దువ్విన తల, వాసన లేని గది చూసి ఆమె కళ్లు చెమర్చాయి.

“నర్మదమ్మా, కన్నతల్లికి కూడా ఇట్ల చేసేటోళ్లు లేరీ కాలంల. ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాలె. నిన్ను వెళ్లగొట్టిన అత్తను ఎట్ల చూసుకుంటున్నవో నలుగురు ఇనాలె. అయ్యగారు గూడ గదే అన్నరు.”

“నేనేం చెప్తనమ్మగారూ, మాటలు రానిదాన్ని” అంది నర్మద. అయినా మొహమాటంగానే తల ఊపింది. ఆమెకు లోపల ఎక్కడో బాగానే అనిపించింది. అందరూ ఎరుగుదురు గదా, ఎవరు ఎవరికి ఏం చేశారో. ఇక ఆదివారం అది బాహాటంగా తేలిపోతుంది.

మధ్యాహ్నం ఎండకు రేకులు కుతకుతలాడుతున్నాయి. సుగుణ నాయనమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకు చూసింది. చర్మాన్ని పట్టి లాగితే ముడత అలాగే నిలిచిపోయింది. పెదవులు పగిలి, నాలుక ఎండిపోయింది.

“బాపమ్మా, గింత ఎండల నీళ్లు తాగవా? ఇగో, జర నోరు తెరువు.”

బాలవ్వ తల అడ్డంగా ఊపింది. మూతి వంకరపోవడంతో మాట నంగి నంగిగా వస్తుంది.

“వద్దు బిడ్డా.”

“దూప లేదా?”

“ఉన్నది.” ముసలామె నర్మద కూర్చున్న అరుగు వైపు భయంగా చూసింది. “తాగితె ఉచ్చకు మల్ల లేపాలె గద. మీ అవ్వను లేపుమని అడుగుడెట్ల? నోరిప్పది. మొగం సూస్తె భయమైతది. పొద్దుగాల ఆమె తాపిందే చాలు. గట్లనే ఓర్సుకుంట.”

సుగుణ బతిమాలి రెండు గుక్కలు తాగించి, లేచి అరుగు మీదికి వచ్చింది. నర్మద చాటలో తునికాకు కత్తిరిస్తోంది.

“అవ్వా, బాపమ్మ నీళ్లు తాగుతలేదు.”

“నేను పెట్టలేదా? చెంబు మంచం కాడనే ఉన్నది.”

“నీకు భయపడి తాగుతలేదు. తాగితె నిన్ను లేపుమని అడగాలెనట. దూప తోటి ఎండుకపోతుందే ఆమె.”

నర్మద కత్తెర ఆగింది. “నేనేమన్న అన్ననా? కొట్టిన్నా? తిట్టిన్నా?”

“ఏమన్లే. గదే నేను చెప్పేది. బాపమ్మ వచ్చిన కాడికెల్లి ఒక్క మాటన్న మాట్లాడినవా? మా ఆస్పత్రిల మొగం తెల్వనోళ్లకు చేసినా అమ్మా, అయ్యా అని పిలుస్తం. నువ్వు చేసేది సేవనా, శిక్షనా?”

చాట పక్కకు తోసి నర్మద లేచి నిలబడింది. ఏళ్ల తరబడి అణచుకున్నది ఒక్కసారిగా పొంగింది.

“ఏమన్నవే? శిక్షనా? నడుము ఇరుగుతున్నా పియ్యి ఉచ్చ ఎత్తుతున్న. చేతులు వాసన కొడుతుంటె అన్నం పోతలేదు నాకు. నీ తమ్ముణ్ని చంపుకున్న నేను. గా వానల, గా చూరు కింద. తలుపు తీసి ఉంటె బతుకుతుండె నా కొడుకు. గామె మంచం పక్కన కూసోని ముచ్చట చెప్పాల్నా? చేసేదంత చేస్తున్న. ఇంకేం కావాలె దేవునికి?”

లోపల కైలాసం నిద్ర లేచి గుమ్మంలోకి వచ్చాడు. పడక గదికీ అరుగుకూ మధ్య ఉన్నది ఒక్క తడికే. తల్లి కూడా అంతా వినే ఉంటుందని అతనికి తెలుసు.

“మెల్లగ” అన్నాడు.

“ఇననియ్యి” అంది నర్మద.

సుగుణ కళ్ల నిండా నీళ్లు. “నీ మనసు కాలిందని నాకు తెల్వదా అవ్వా? నేను గూడ గా వానల నిలబడ్డ. కాని ఆమె దూపకు సచ్చిపోతె, మనం గూడ తలుపు తీయనోళ్లమే అయితం.”

నర్మద కూర్చుని మళ్లీ కత్తెర అందుకుంది. ఆకు తెగుతోంది గానీ చేతులకు స్పృహ లేదు. ఆ పూట నుంచి అత్తకు నీళ్లు తాగించే పని సుగుణే చేసింది. తల్లీకూతుళ్లు కూడా మాట్లాడుకోలేదు.

ఆదివారం నర్మద తెల్లచీర కట్టుకుని మందిరానికి వెళ్లింది. సుగుణ బాపమ్మ దగ్గర ఉండిపోయింది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరు గారు ఆమె పేరు పిలిచారు. నర్మద లేచి ముందుకు వెళ్లి నిలబడింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులు సర్దుకుని ఆమె వైపు చూశారు. అందరి ముఖాల్లోనూ మెచ్చుకోలే.

ఏం చెప్పాలో ఆమె రోజూ అనుకుంటూనే ఉంది. మా అత్త నన్ను వెళ్లగొట్టింది, నేను చేరదీశాను. అంతే గదా. నోరు తెరిచింది. చెంబెడు నీళ్లు చేతికందే దూరంలో ఉన్నా తాగలేని మనిషి కళ్ల ముందు నిలిచింది. తను చేసిన చాకిరీలో ప్రతి పనీ ఆ మనిషితో ఒకటే చెబుతూ వచ్చింది: చూడు, నేను నీలాంటిదాన్ని కాను.

“అయ్యగారూ” అంది చివరికి, “నేను చెప్పాల్సింది ఇంక జరుగలే. నేను ఇంటికి పోవాలె.”

ఎవరో ఒంట్లో బాగా లేదేమో అన్నారు. అమ్మగారు లేవబోయింది. నర్మద చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేసింది. ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని, ఆదివారం కూడా ఆగని సాంచాల చప్పుడు మధ్య నుంచి నడిచింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటే. ఇన్నాళ్లూ మోసింది అత్త బరువు ఒక్కటే కాదని ఆ నడకలో తెలిసింది.

ఇంట్లోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. బాలవ్వ ఉలిక్కిపడి ఒత్తిగిలడానికి ప్రయత్నించింది, పక్కబట్ట మార్చడానికి వచ్చిందనుకుని.

“అత్తా.”

బాలవ్వ కదలడం మానేసింది. సుగుణ చేతిలోని గ్లాసు కింద పెట్టి మెల్లగా అరుగు మీదికి వెళ్లిపోయింది.

“నీకు దూపయితె అడుగు. లేవాలంటె పిలువు. ఎన్నిసార్లయినా లేపుత. నాకు నీ మీద కోపం పోలే అత్తా. అబద్ధమెందుకు చెప్పాలె? పోవాలని దేవుణ్ని అడుగుత. ఇన్ని దినాలు గదే అడగలే. ఇగ దినాం అడుగుత.”

ముసలామె ఎడమ కంటి నుంచి నీరు చెంప మీదుగా చెవిలోకి జారింది.

“తలుపు కాడికి వచ్చిన” అంది. “గొళ్లెం మీద చెయ్యేసిన. కులపోళ్లు బయటనే ఉండిరి. మొగడు లేనిదాన్ని, కులంల కెల్లి ఎలేస్తె ఏడికి పోదుననుకున్న. పోరడు ఏడ్చుడు ఇనబడ్డది. దినాం ఇనబడుతనే ఉన్నది నర్మదా.”

నర్మద చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

“పేరు ఏం పెట్టినవే?” అడిగింది బాలవ్వ. “నా ఇంట్ల ఉన్నన్ని దినాలు చిన్నోడా అనే పిల్చినం. పేరు తెల్వక మనసుల ఏడువనీకి గూడ రాలే నాకు.”

“సమూయేలు.”

బాలవ్వ పెదవులు కూడదీసుకుంది. “సమ్మేలు” అంది. మళ్లీ ప్రయత్నించింది. “సమ్మేలు.”

నర్మద దిద్దలేదు. కొడుకు పోయాక ఆ పేరును పైకి పలికిన గొంతు ఈ ఇంట్లో లేదు. కైలాసం పలకలేడు, తను పలకలేదు. ఆమె అత్త భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. పడిపోని ఆ ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచి, తడబడుతూ కోడలి తల మీదికి చేరింది. తడికె అవతల, అరుగు మీద పడుకున్న కైలాసం లేచి కూర్చుని మోకాళ్లలో ముఖం దాచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వంట ఆలస్యమైంది. ఆకళ్లు ఎవరికీ గుర్తు రాలేదు. పొద్దు వాలుతుండగా నర్మద మళ్లీ చాట ముందు కూర్చుంది. కళ్లు మండుతున్నాయి, నడుము ఎప్పటిలాగే సలుపుతోంది. చుట్టవలసిన ఆకు ఇంకా చాలా ఉంది.

“నర్మదా!” లోపలి నుంచి కేక. వంకర నోటి కేక, కాస్త గట్టిగానే. “ఓ నర్మదా! జర లేపు రాదే!”

“వస్తున్న అత్తా” అంది నర్మద. గోడ పట్టుకుని, మెల్లగా లేచి లోపలికి వెళ్లింది.