గొంతు ఒకరిది, మొహం ఒకరిది

పొద్దున్నే పూలమ్మ ఎనుమాముల మార్కెట్‌కు బయల్దేరుతూ టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. మిర్చిలో తాలు కాయలు ఏరే పని ఆమెది. అంతలో కూతురు యమున ఫోను పట్టుకుని వచ్చి గడపలోనే కూలబడింది.

"ఏమన్నరే హైదరాబాద్ కంపెనీవోళ్లు? పాట తీసుకుంటరంటనా?"

"గొంతు నాదే ఉంచుతరట. వీడియోల మాత్రం వేరే పిల్లను పెడతరట. తెల్లగ ఉంటెనే జనం చూస్తరట."

మార్కెట్‌లో పనిచేసే ఆడవాళ్ల మీద యమున రాసిన ర్యాప్ అది. ఆ పాట లోకమంతా మోగాలని పూలమ్మ ఎంత ఆశపడిందో!

"పోనీ తియ్యి బిడ్డా. పేరైతే నీదే పడతది గదా. జర సర్దుకో."

"ర్యాప్ పుట్టించిందే అమెరికాల నల్లోళ్లు అమ్మా. దాని మీద తెల్లోళ్లే ఎక్కువ సంపాదించిన్రని ఆడ ఇప్పటికీ కొట్లాడుతరు. ఈడ నా పాటకు నా మొహమే అడ్డమైందా?"

"మరేం జేస్తం? ఎండల తిరగకని చిన్నప్పటి సంది చెప్తనే ఉన్న. క్రీము తెస్తె రాయకపోతివి!"

యమున కళ్లు నిండాయి. "అంటె, నీకు గూడ నేనంటె సిగ్గేనా?"

పూలమ్మ నాలుక కరుచుకుంది. డబ్బా కింద పెట్టి కూతురి పక్కన కూర్చుంది.

"ఏడో తరగతిల బడి పండుగకు పాట నాదే. నల్లగున్ననని సారు నన్ను తెర ఎనక నిలబెట్టిండు. ముంగట ఇంకో పిల్ల పెదవులు కదిపింది. చప్పట్లన్నీ ఆమెకే. మల్ల పాడలే బిడ్డా."

"ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలే?"

"నీకు గట్ల కావద్దని నిన్ను తెల్లగ చెయ్యాలని చూసిన. తప్పు నాదే. వద్దని చెప్పు వాళ్లకు."

యమున అలాగే చెప్పింది. ఆ తర్వాత కంపెనీ నుంచి ఫోను రాలేదు. వస్తుందేమోనని ఆమె మాత్రం రోజూ చూసుకుంటూనే ఉంది.

వారం తర్వాత, మార్కెట్‌లో కాయలు ఏరే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నానికి లేచిన వేళ, మిర్చి రాసుల మధ్య స్నేహితురాలు సౌమ్య ఆ పాటకే ఫోనులో వీడియో తీస్తోంది. యమున పాడుతూ పాడుతూ తల్లిని చెయ్యిపట్టి ముందుకు లాగింది.

"పల్లవి నువ్వే ఎత్తుకో అమ్మా."

మొదట పూలమ్మకు గొంతే రాలేదు. రెండోసారి వచ్చింది. హమాలీలు బస్తాలు దించి అటు చూశారు. యమున తన వంతు మరిచిపోయి, చెంపలు తడుస్తుండగా అమ్మ పాట వింటూ నిలబడిపోయింది.