వే బ్రిడ్జి దగ్గర నీళ్ళు తాగేవాడు

ఆదివారం సాయంత్రం ఆరున్నర. వాన లేదు, గాలీ లేదు. ఒకటే ఉక్క.

పెన్నాగరం నుంచి ఇండూరుకు వచ్చే దోవలో మూతబడిన వే బ్రిడ్జి ఒకటుంది. లారీలు తూకం వేసే చోటు. ఇప్పుడు తూకం లేదు, లారీలూ రావు. లారీ ఎక్కడానికి కట్టిన సిమెంటు ఏటవాలు, పక్కన తలుపు లేని గది — అంతే. ఎప్పుడో ఒక లారీ క్లీనరు అక్కడ దప్పికతో పడి చచ్చిపోయినాడంటారు. పొద్దుగూకితే నీళ్ళు తాగే చప్పుడు వినిపిస్తుందట. గుడగుడ... గుడగుడ... అందుకని ఆ దోవన పోయేవాళ్ళు కిటికీలోంచి ఒక నీళ్ళ సీసా విసిరేసి పోతారు.

బండి ఆపితే మాత్రం... ఎక్కేస్తాడట.

నా కూతురు మోహనప్రియకు ఏడో నెల. పెన్నాగరంలో అత్తగారింట్లో సీమంతం చేసి, పుట్టింటికి పిలుచుకొస్తా ఉన్నాము. పాత వ్యాను. తోలేది నా కొడుకు ముఖేశ్. నా పక్కన ధనలక్ష్మి వదిన, మా ఆయన అక్క. కడుపుతో ఉన్న బిడ్డను చీకటి పడకముందే ఇల్లు చేర్చాల. నాకు అదొక్కటే దిగులు.

మొదట విన్నది మోహనే.

"అమ్మా... ఎవరో నీళ్ళు తాగుతా ఉన్నట్టు లేదూ?"

గుడగుడ... గుడగుడ...

బయట కాదు. వ్యాను లోపల. స్టీరింగు వెనకాల.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "వాడే! ఎక్కేసినాడు!"

"ఇంకా వే బ్రిడ్జే రాలేదు కదత్తా," అన్నాడు ముఖేశ్.

"దప్పిగొన్నోడు ఎదురొచ్చినాడురా!"

వదిన ఉన్న సీసాలన్నీ తీసి కిటికీలోంచి వంచేసింది. పెద్ద క్యాను కూడా. నేను వద్దనలేదు. మోహన పొట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

చప్పుడు ఆగలేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ముఖేశ్ బండి ఆపేసినాడు.

సరిగ్గా... వే బ్రిడ్జి ముందర.

వదిన దండం పెట్టుకుంది.

"దెయ్యం లేదు, ఏమీ లేదు," అన్నాడు ముఖేశ్. "సాయంత్రం ఇంజనుకు నీళ్ళు పోయే ట్యూబు మార్చినాను కదా. రాహుకాలంలో బండి మీద చెయ్యి వెయ్యొద్దని అత్త కూర్చోబెట్టె. అది పోయిందో లేదో, బయల్దేరు బయల్దేరు అని తరిమె. నీళ్ళు పోసినాను, లోపలి గాలి తియ్యలేదు. ఆ గాలే గుడగుడమంటా ఉంది."

"ఇట్లే పోతే?" అన్నాను.

"ఇంజను పట్టేస్తుంది. నడిరోడ్డులో నిలబడిపోతాము."

"తియ్యరా మరి."

"గాలి బయటికి రావాలంటే బండి మూతి ఎత్తులో ఉండాల." వాడు సిమెంటు ఏటవాలు కేసి చూసినాడు. "అది కావాల."

"వాడి నెత్తి మీదికే ఎక్కిస్తావా, పాపిష్టోడా!" అంది వదిన.

ఎక్కించినాడు. ఇంజను ఆపి, చల్లారనిచ్చినాడు. నేనూ వదినా కిందికి దిగినాము. అంతలో చీకటి పడింది.

"ఇప్పుడు నీళ్ళు ఇయ్యండి."

అందరమూ వదినను చూసినాము.

"వాడికి పోసేసినాను కదరా..." అంది.

మోహన నడుము పట్టుకుంది. "ఏమీ లేదమ్మా, ఊరికే," అనింది. నొప్పులైతే ఈ చీకట్లో ఎవరిని పిలవాల?

అప్పుడు...

గుడగుడ... గుడగుడ...

ఇంజను ఆపి ఉంది. చప్పుడు గది వెనక నుంచి వస్తా ఉంది.

ఆ మసక చీకట్లో ఒక ఆకారం కదిలింది. పొడుగ్గా... చేతిలో ఏందో వేలాడతా... దగ్గరికొచ్చి, మెల్లగా అనింది —

"తణ్ణి వేణుమా?"

నీళ్ళు కావాలా అని!

వదిన నేల మీద కూలబడింది. ముఖేశ్ సెల్లు లైటు వేసినాడు. ఒక ముసలాయన. లుంగీ, తలగుడ్డ, చేతిలో నీళ్ళ బకెట్టు. వెనకాల మేకలు. పేరు రాజమాణిక్కమట. మాపటేళ మేకలను ఆ గదిలోకి తోలుకొని, అక్కడే పడుకుంటాడట.

"ఈ దోవన పోయేవాళ్ళు మహా పుణ్యాత్ములమ్మా," అన్నాడు అరవంలో. "దినమూ సీసాలు విసురుతారు. ఏరుకొచ్చి మేకల తొట్టిలో వంచుకుంటాను. మూత బిగించి విసరమని చెప్పండి. సగం కారిపోతా ఉండాయి."

సీసా తలకిందులుగా వంచితే చప్పుడు ఎట్లుంటుంది? గుడగుడ.

ముఖేశ్ గుడ్డ వేసి రేడియేటరు మూత తీసినాడు. ఇంజను ఆన్ చేసి, హీటరు పూర్తిగా తిప్పినాడు. నేను ఆ బకెట్టు నీళ్ళు చెంబుతో పోసినాను. బుడగలొచ్చినాయి, నీళ్ళు దిగిపోయినాయి. మళ్ళీ పోసినాను, మళ్ళీ తాగింది. "తాగు నాయనా," అన్నాను గొణుగుతా. "కడుపు నిండా తాగి నా బిడ్డను ఇల్లు చేర్చు." వ్యానుకు చెప్పినానో, ఆ క్లీనరుకు చెప్పినానో... నాకే తెలీదు.

బుడగలు ఆగినాయి. నీళ్ళు అంచున నిలిచినాయి. ముల్లు దిగింది.

సీమంతం పులిహోర రాజమాణిక్కం చేతిలో పెట్టి బయల్దేరినాము. దోవ పొడుగునా చప్పుడు లేదు.

ఇండూరులో కరెంటు లేదు. వాకిట్లో వ్యాను ఆగింది. చీకట్లో, నా నిమ్మళం కోసం, తల మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కరినే లెక్కపెట్టినాను.

ముఖేశ్. వదిన. మోహన. దాని కడుపులోది. నేను. ఐదు.

మోహన పక్కన సీటు మీద ఇంకో తల తగిలింది. వెచ్చగా... బొచ్చుగా...

గట్టిగా అరిచినాను.

"ఉష్, పడుకోనుండాదమ్మా," అనింది మోహన. "తలుపు తీసి ఉంటే అదే ఎక్కింది. తెల్లారి ఆ తాతకు ఇచ్చొద్దాంలే."

మేకపిల్ల. ఆరు.