ఐదు వారాల ముందు

డచ్చివాళ్ళ ఊరు లైడెన్‌లో శనివారం బజారు రోజు. డోర్టె పెందరాళే వెళ్ళి చేపలూ జున్నూ తెచ్చి, వంటింట్లో నల్లరొట్టె కోసుకుంటోంది. ఎదురుగా కూతురు యోరీన్ తెల్లరొట్టెకి వెన్న రాసి, మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటూ పుస్తకం తిరగేస్తోంది. ఇరవై మూడేళ్ళు వచ్చినా ఆ పలుకులు మానలేదు మహాతల్లి.

సోమవారం యోరీన్‌కు లా చదువులో ఆఖరి పరీక్ష. దేశాలకూ దేశాలకూ మధ్య నడిచే న్యాయం పేపరు పోయిన నెలలోనే గట్టెక్కింది. మిగిలింది వేర్వేరు దేశాల మనుషుల పెళ్ళిళ్ళు, పిల్లలు, ఆస్తుల తగాదాల న్యాయం. మొదట్లో ఇవన్నీ సంసారాల గొడవలని చిన్నచూపు చూసేది. పోయిన వారం క్లాసులో ఒక కేసు వాదించి ప్రొఫెసరు చేత శభాష్ అనిపించుకున్నాక దాని మీద మోజు పెరిగింది.

"స్వెన్‌బోర్గ్ వాళ్ళకి మాటిచ్చేశాను, మే ఒకటికల్లా వస్తానని," అంది డోర్టె నెమ్మదిగా.

యోరీన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. డోర్టెది డెన్మార్క్. పెళ్ళికి ముందు స్వెన్‌బోర్గ్‌లో తెరచాపలు కుట్టేది. ఇక్కడ పందొమ్మిదేళ్ళుగా ఒక కొట్లో కిటికీ తెరలు కుడుతోంది. ఇన్నాళ్ళకు ఆ పాత కార్ఖానా వాళ్ళే కబురుపెట్టి, పెద్దమేస్త్రీవి నువ్వే, రమ్మన్నారు.

"నా పట్టా జూలైలో. రెండు నెలలు ఆగలేవా?"

"పడవల కాలం మేలోనే మొదలవుతుంది తల్లీ. పట్టా రోజుకి వస్తానుగా."

"చుట్టంలాగా వస్తావన్నమాట! ఇక్కడున్నన్నాళ్ళూ నీకు ఒక కాలు అక్కడే. అప్పుడు నాన్నని వదిలేశావు, ఇప్పుడు నన్ను. పారిపోవడం నీకు అలవాటేగా!"

డోర్టె మొహం పాలిపోయింది. కత్తి పక్కన పెట్టి, "సరేలే, రానని ఫోన్ చేసి చెప్పేస్తాను," అంది.

ఎదురుతిరిగి నాలుగు మాటలంటే యోరీన్‌కు బాగుండేది. అలా చప్పున ఒప్పేసుకునేసరికి ఒళ్ళు మండిపోయింది. పుస్తకం అక్కడే పడేసి, సైకిలెక్కి తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఖెర్బెన్‌కు రెండు వీధుల అవతల సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. "రండి రండి, లాయరమ్మగారూ! కాఫీ ఇస్తాను. బిస్కెట్టు మాత్రం ఒక్కటే," అని డబ్బా చాపి, ఆమె తీసుకోగానే ఠక్కున మూతపెట్టాడు.

యోరీన్ ఏకరువు పెట్టిందంతా విని, నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "పారిపోయింది ఒక్కసారే. అదీ తిరిగొచ్చింది."

"ఎప్పుడు? నా చిన్నప్పుడు మేం డెన్మార్క్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడా? అవి సెలవలన్నారుగా!"

"సెలవలా! అక్టోబరు మూడు. వెనకటికి శత్రువుల ముట్టడి వీడిన రోజని ఊరంతా పండగ. వరసలో నించుని, ఊళ్ళో పంచిపెట్టే హెరింగ్ చేపలూ తెల్లరొట్టే తీసుకుని ఇంటికొస్తే మీరిద్దరూ లేరు. బల్ల మీద ఉత్తరం. ఆ తేదీ ఈ ఊళ్ళో ఎవడు మర్చిపోతాడు?"

"కోర్టుకెళ్ళలేదా నాన్నా?"

"అలాంటిదొకటుందని నాకేం తెలుసు? వేరే దేశం, మనకెవరు దిక్కులే అనుకుని కుమిలిపోయాను. మరుసటేడు ఆగస్టు ఇరవై తొమ్మిదిన నిన్నెత్తుకుని ఇదిగో, ఈ గుమ్మంలో నిలబడింది. 'నీతో ఉండలేను, ఈ ఊళ్ళోనే ఉంటాను' అంది. ఎందుకొచ్చావని నేనడగలేదు. అడిగితే మళ్ళీ వెళ్ళిపోతుందేమోనని భయం."

యోరీన్ గబగబా వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడాదికి సరిగ్గా ఐదు వారాలు తక్కువ.

క్లాసులో తను వాదించిన కేసూ అలాంటిదే. బిడ్డను దేశం దాటించిన తల్లి తరఫున నిలబడింది. ఏడాదిలోపు తండ్రి కోర్టుకెక్కితే బిడ్డను ఇంచుమించు ప్రతిసారీ వెనక్కి పంపాల్సిందే. ఏడాది దాటాక అడిగితే, బిడ్డ అక్కడ కుదురుకుందని తేలితే పంపనక్కర్లేదు. "నా కక్షిదారు చెయ్యాల్సిందల్లా చప్పుడు చెయ్యకుండా ఉండటమే," అని తను అన్నప్పుడు క్లాసంతా నవ్వింది. ఇప్పుడా కక్షిదారు స్థానంలో అమ్మ కనిపించింది. కాఫీ ముట్టకుండానే లేచింది.

ఇంట్లో డోర్టె ఒళ్ళో గుడ్డ పెట్టుకుని అంచు కుడుతోంది.

"అమ్మా, డెన్మార్క్‌లో ఉన్నప్పుడు నీకు లాయరుందా?"

సూది ఆగింది. "మీ నాన్న చెప్పాడా? ఉంది."

"ఇంకో ఐదు వారాలు ఆగమని చెప్పలేదా?"

"చెప్పింది. క్యాలెండరులో గీత గీసి మరీ ఇచ్చింది."

"మరెందుకొచ్చేశావు?"

డోర్టె సూది గుడ్డకి గుచ్చి పెట్టింది. "నువ్వు రోజూ పడుకునే ముందు 'నాన్నేడీ' అనేదానివి. ఆగస్టులో ఒకరోజు అడగలేదు. మర్నాడూ అడగలేదు. వారం గడిచింది. లాయరుకి చెబితే, 'మంచిదే, పిల్ల కుదురుకుంటోంది, మనకి అదే బలం' అంది. నాకు ముద్ద దిగలేదు. నిన్ను దక్కించుకోవాలంటే నువ్వు మీ నాన్నని మర్చిపోవాలటే? అలాంటి గెలుపు నాకొద్దు అనిపించింది. రైలెక్కేశాను."

యోరీన్ నేల మీద కూలబడి తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది. సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తిన నాన్న, జ్వరమొస్తే రాత్రంతా కుర్చీలో కూర్చున్న నాన్న, ఆ నాన్నంతా అమ్మ పెట్టిన భిక్షేనని తెలిసి వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ ఊరు వదులుకుని నాకు నాన్నని ఇచ్చావమ్మా. నేనేమో పారిపోయావన్నాను."

"తెలీక అన్నావులే. లే, గుడ్డంతా తడిపేస్తున్నావు."

"వాళ్ళకి ఫోన్ చేసి రానన్నావా?"

"ఇంకా లేదు. చెయ్యాడలేదు."

యోరీన్ కళ్ళు తుడుచుకుని, తనే నంబరు నొక్కి ఫోను తల్లి చేతిలో పెట్టింది. "మే ఒకటికి వస్తున్నానని చెప్పు. నా పట్టాకి నువ్వు రాలేకపోయినా ఫరవాలేదు, దాన్ని తీసుకుని నేనే నీ దగ్గరికొస్తాను."

అవతల ఎవరో పలికారు. డోర్టె ఒక్కసారి కూతురి మొహంలోకి చూసి, తన భాషలో, "నేను డోర్టెని. వస్తున్నాను," అంది. ఆ మాట అనడానికి ఆమె పందొమ్మిదేళ్ళు ఆగిందని తెలిసిన యోరీన్, ఫోను పట్టుకున్న ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని ముద్దుపెట్టుకుంది.