లాకర్ గది గడప

వైపర్లు టపటపా కొట్టుకుంటున్నాయి. వాన ఆగనంటోంది!

కారు మానేరు వంతెన ఎక్కింది. ముందు ఎర్రలైటు... డేవిడ్ బైక్!

"జర మెల్లగ పోనియ్‌రా విక్రాంత్!"

"మెల్లగనా? మూడు కిలోల బంగారం అవ్వా! వాడు హైదరాబాద్ రోడ్డెక్కిండంటే ఇగ దొరకడు!"

జానకీబాయి సీటు గట్టిగా పట్టుకుంది. కొడుకు ఒళ్లో పిస్టల్. పోయిన భర్త ఉపేందర్‌రావు లైసెన్సుది.

చీకటి పడుతుండగా కరెంటు పోయింది. వచ్చేసరికి నగల దుకాణం లాకర్ ఖాళీ! కాపలా ఉండే డేవిడ్ లేడు. వేములవాడ పోతానన్న విక్రాంత్ అంతలోనే ఊడిపడ్డాడు. డేవిడే దొంగ అన్నాడు. తల్లిని కారెక్కించాడు.

కానీ బయల్దేరేముందు ఆమె లాకర్ గది చూసింది. ఆ బురద కళ్లముందు నుంచి పోవడం లేదు...

బూట్ల బురద గడప దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. లోపల ఉత్త పాదాల తడి!

బూట్లు విప్పి లోపలికెళ్లే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

ఆమె మామ ఉట్నూర్, ఆసిఫాబాద్ సంతల్లో సైకిల్ మీద వెండి కడియాలు అమ్మాడు. ఆ పైసలతో కరీంనగర్ బజార్లో ఓ ఇరుకు గది పట్టాడు. తర్వాత దుకాణం మూడంతస్తులు లేచింది, గాజు తలుపులొచ్చాయి, ఏసీలొచ్చాయి... ఆ గది మాత్రం కదలలేదు. లాకర్ గదై కూర్చుంది. చెప్పులతో గడప దాటితే మామ వీపు చిట్లగొట్టేవాడు. పసివాడని చూడకుండా విక్రాంత్‌కూ తగిలించాడు!

డేవిడ్ నిన్నమొన్న చేరినవాడు. ఆ గది మొహమే చూడలేదు. లోపలికి పోయేది ఇద్దరే. ఆమె... కొడుకు!

ఆమె కొడుకు వైపు తిరిగింది.

కారు బైక్‌ను దాటి అడ్డం తిరిగింది. కీచుమంటూ బ్రేక్!

బైక్ జారిపడింది. డేవిడ్ లేచి వంతెన రెయిలింగ్‌కు అతుక్కుపోయాడు. చేతిలో సంచి లేదు. ఏమీ లేదు!

"అమ్మా! నేను తియ్యలే! చిన్నసేటే కారు డిక్కీల పెట్టిండు. నేను జూసిన్నని సంపుతనంటుండు!"

"దొంగ నా కొడుకా!" విక్రాంత్ దిగి పిస్టల్ ఎత్తాడు.

ఆమె కూడా దిగింది. చెయ్యి చాపింది.

"ఇటు తే."

"ఏందవ్వా?"

"నువ్వు జైలుకు పోవుడెందుకు? ముసల్దాన్ని, నన్నేం జేస్తరు? నా దుకాణం... నేనే కాలుస్త."

విక్రాంత్ మొహం వెలిగిపోయింది. ఇచ్చేశాడు!

పిస్టల్ గిర్రున తిరిగింది. అతని ఛాతీ మీదికి!

"డిక్కీ తెరువు."

"అవ్వా... పిచ్చి లేసిందా? కొత్త షోరూములు మనల్ని మింగినయ్! దుకాణం రేపో మాపో మూతే! ఇన్సూరెన్సు వస్తది, బంగారం మనకే ఉంటది..."

"దానికి పరాయి అవ్వ కన్న కొడుకును సంపుతవా? డేవిడ్, పోలీసోళ్లకు ఫోన్ గొట్టు బిడ్డా!"

విక్రాంత్ ఒక్క గంతులో కార్లో దూకాడు. ఇంజన్ గర్జించింది. కారు కదిలింది...

ఢాం!

కారు ఒక పక్కకు కూలబడింది. జానకీబాయి కళ్లలో నీళ్లు. పిస్టల్ మాత్రం దించలేదు.

"దిగుతవా కొడుకా? ఇంకా మూడు చక్రాలున్నయ్!"