బాపు పెట్టిన అభ్యంతరం

శుక్రవారం పొద్దున. సెలవు రోజు కాబట్టి జమున టైలరింగ్ షాపు తెరవాల్సిన పనిలేదు. గల్ఫ్ దేశంలో, నయీమ్ పేటలోని చిన్న ఇంట్లో, గిన్నెకు సర్వపిండి ఒత్తుతూ కూర్చుంది. గంగాప్రసాద్ సందు చివరి బేకరీ నుంచి వేడి రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గరికి పోయి, ఎదుటి మేడ మీద ఎగురుతున్న బట్టలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"గాలి జోరుగున్నది. ట్రాక్ మీదికి ఇసుక కొడ్తది. ఈసారికి ఇడిసిపెట్టరాదు బిడ్డా," అన్నాడు.

బూట్ల లేసులు కట్టుకుంటున్న స్వర్ణ తల ఎత్తింది. "పోయినేడు ఇంతకన్న ఎక్కువ గాలుండె బాపు. అప్పుడు నువ్వే పొమ్మన్నవ్."

"అప్పుడు వేరు."

"ఏం వేరు?"

జమున గిన్నె కింద మంట తగ్గించి భర్త వైపు ఒకసారి చూసింది. ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు ఏం వేరో. పోయినేడు కారు పందెంలో స్వర్ణ వెనక వరుసలో ఉంది. ఈ ఏడు ప్రాక్టీసులో ఆమె బండి, తండ్రి పేరు మీదున్న రికార్డుకు వెంట్రుకవాసి దూరం దాకా వచ్చింది.

షోరూంలో అమ్మే మామూలు కార్లనే, లోపల సీట్లన్నీ పీకేసి ఇనుప చట్రం బిగించి పందేలకు నడుపుతారు. పెద్ద పందేనికి ముందు రోజు ఒక్కొక్క బండిని ఒంటరిగా ట్రాక్ మీదికి వదులుతారు. ఒకే ఒక్క చుట్టు, ఎంత వేగంగా పోగలిగితే అంత. ఒక్కో రకం బండిలో అప్పటిదాకా ఎవరూ పోనంత వేగంగా పోయినవాళ్లను రికార్డు క్లబ్బులో చేర్చుకుంటారు. ఆ క్లబ్బుకు దరఖాస్తు లేదు. డబ్బు పెట్టినా, షేకుల సిఫారసు తెచ్చినా చోటు దొరకదు. దేశం మొత్తం మీద సభ్యులు ఒక పెద్ద బల్ల చుట్టూ పట్టేంత మందే.

అలాంటి క్లబ్బులోకి కోరుట్ల నుంచి కూలి వీసా మీద వచ్చిన గంగాప్రసాద్ అనుకోకుండా చేరాడు. అప్పుడు అతను గ్యారేజీలో మెకానిక్. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, పందేల పిచ్చివాడు. ఒక ఏడు సరిగ్గా పందెం ముందు రోజు డ్రైవరుకు జ్వరం వచ్చింది. బండి రిపేరు చేసి రోజూ పరీక్షగా నడిపి చూసేది గంగాప్రసాదే కాబట్టి, కఫీల్ తాళం అతని చేతిలో పెట్టి "యల్లా" అని బండెక్కమన్నాడు. ఆ రోజు అతను కొట్టిన చుట్టును ఇన్నేళ్లుగా ఎవరూ దాటలేదు. తర్వాత నడుము నొప్పి వచ్చి పందేలు మానేశాడు గానీ, రికార్డు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయింది. కూతురికి ఎడారి ఇసుకలో స్టీరింగ్ పట్టడం నేర్పిందీ అతనే.

"నడుము గుంజుతున్నది. నేను రాను," అన్నాడు ఇప్పుడు కూతురితో.

స్వర్ణ సర్వపిండి ముక్క ఒకటి నోట్లో వేసుకుని, హెల్మెట్ సంచి భుజాన తగిలించుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. అవతల వహీద్. పక్క ఊరు జిదాఫ్స్‌లో స్పేర్ పార్టుల దుకాణం నడుపుతాడు, క్లబ్బు పనులు కూడా అతనే చూస్తాడు. కరీంనగర్ మనిషి. గంగాప్రసాద్‌కు గల్ఫ్‌లో దొరికిన మొదటి స్నేహితుడు.

"ముబారక్ భాయ్. నీ బిడ్డ కొట్టింది. నీ రికార్డు పోయింది," అన్నాడు నవ్వుతూ.

గంగాప్రసాద్ మంచం మీద కూర్చున్నాడు. "మంచిది," అన్నాడు.

"ఇగ రేపు రాత్రి విందు. పాత రికార్డు మనిషే కొత్త మనిషికి క్లబ్బు కోటు తొడగాలె, నీకు తెల్సిందే. రివాజు ప్రకారం ఒక్క మాట అడగాలె గదా, అడుగుతున్న. నీకేమన్న అభ్యంతరమున్నదా?"

ఆ ప్రశ్న ప్రతిసారీ అడుగుతారు. ప్రతిసారీ పాతవాళ్లు లేదనే అంటారు. వహీద్ కూడా ఆ జవాబు కోసం ఆగకుండానే ఫోన్ పెట్టేయబోయాడు.

"బండి ఇప్పి చూడున్రి," అన్నాడు గంగాప్రసాద్.

"ఏందీ?"

"ఇంజన్ల ఏమన్న మార్చిన్రేమో. ఒక్క ఏడుల గంత వేగం ఎట్లొస్తది? ఇప్పి చూడున్రి."

"భాయ్, బిడ్డ బండి అది," అన్నాడు వహీద్ మెల్లగా.

"అడిగినవ్, చెప్పిన." ఫోన్ పెట్టేశాక గంగాప్రసాద్ అలాగే కూర్చున్నాడు. మళ్లీ చేసి వద్దని చెబుదామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. చేయలేదు.

పొద్దు వాలుతుండగా స్వర్ణ హల్వా డబ్బా పట్టుకుని వచ్చింది. ముఖం నిండా ఇసుక, హెల్మెట్ ఒత్తిన గుర్తులు. తల్లిని గట్టిగా వాటేసుకుంది. తండ్రి దగ్గరికి వచ్చి డబ్బా మూత తీసి ముందుకు చాపింది. అతను ఒక చిన్న ముక్క తుంచి, "మంచిగ చేసినవ్," అన్నాడు. కళ్లెత్తి చూడలేదు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. బండి చూసుకునే మెకానిక్ చేశాడు. వింటున్నకొద్దీ స్వర్ణ ముఖం మారిపోయింది.

"సీలు ఎందుకేసిన్రు? ఎవరు పెట్టిన్రు అభ్యంతరం?" అని అడిగింది. జవాబు విని ఫోన్ దించింది.

"ఏమైందే?" అంది జమున.

"నా బండికి సీలేసిన్రమ్మ. రేపు పొద్దున ఇంజన్ ఇప్పి చూస్తరట. నేను మోసం చేసిన్నేమోనని." ఆమె తండ్రి వైపు తిరిగింది. "అభ్యంతరం పెట్టే హక్కు ఒక్కరికే ఉంటది గదా బాపు. పాత రికార్డు మనిషికి."

గంగాప్రసాద్ చేతిలోని హల్వా ముక్కను బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వు నన్ను అడగకపోతివా? ఇంటికొచ్చినంక, ఏం చేసినవే బండిని అని ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా? ట్రాక్ మీద అందరి ముందట నన్ను దొంగను చేసినవ్."

"చూస్తే తప్పేమున్నది? తప్పు చెయ్యకుంటే భయమెందుకు?" అన్నాడు అతను. ఆ మాట తన చెవికే బాగా లేదు.

స్వర్ణ హల్వా డబ్బా మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "నాకు భయం లేదు. రేపు నువ్వు కూడ వచ్చి చూడు," అని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

జమున లేచి వంటింట్లోకి పోయింది. రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి భర్త ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఒక మాట అడుగుత, నిజం చెప్పు. ఎవడో పరాయోడు నీ రికార్డు కొట్టినా బండి ఇప్పి చూడుమందువా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి?"

"పరాయోడు కొడితే నాలుగు రోజులు బాధపడి ఊకుందును జమునా." చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "ఈ దేశానికొచ్చిన కొత్తల నన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు. రోడ్డు మీద రఫీక్, గ్యారేజీల రఫీక్. ఇక్కడికొచ్చిన మనోళ్లందరికీ అదే పేరు. ఆ రోజు ఆ చుట్టు కొట్టినంకనే నీ పేరేందని అడిగిన్రు. ఇప్పటికీ నేను కనబడితే ఆ ఒక్క ముచ్చటే తీస్తరు. అది పోతే నాకేమున్నది? నడుము పోయిన మెకానిక్‌ను."

"నాకు తెల్వదనుకున్నవా?" అంది జమున. "ఆ దినం నువ్వు ఫోన్ చేసి ఏడ్చినవ్. నేను కోరుట్లల ఉంటిని, సంకల మన బిడ్డ ఉండె. నువ్వేం మాట్లాడుతున్నవో సగం సమజ్ కాలే నాకు. పెద్ద పని చేసినవని మాత్రం తెలిసింది." ఆమె చాయ్ గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "ఇయ్యాల దానికి ఏడ్వనీకి కూడ సందు ఇయ్యకపోతివి నువ్వు. పొద్దంత కష్టపడి వచ్చి హల్వా డబ్బ పట్టుకొని నీ ముందల నిలబడ్డది. నువ్వు దాని మొకం చూడకపోతివి."

గంగాప్రసాద్ చేతుల్లో ముఖం దాచుకున్నాడు. జమున లేచి అతని భుజం మీద చేయి వేసింది గానీ ఓదార్పు మాట ఏదీ చెప్పలేదు. "రేపు పోవాలె నువ్వు. ఏం మాట్లాడుతవో నీ ఇష్టం. పోవుడైతే పోవాలె," అంది.

మర్నాడు ముగ్గురూ ఒకే కారులో వెళ్లారు. ఊరు దాటి ఎడారిలో పడ్డాక గాలికి ఇసుక పాముల్లా రోడ్డును అడ్డంగా దాటుతోంది.

ట్రాక్ పక్క షెడ్డులో క్లబ్బు పెద్దలు నలుగురైదుగురు ఉన్నారు. వహీద్ దూరంగా నిలబడి గంగాప్రసాద్‌కు తల ఊపాడు, దగ్గరికి రాలేదు. ఇద్దరు మెకానిక్‌లు సీలు తెంపి ఇంజన్ విప్పసాగారు. స్వర్ణ చేతులు కట్టుకుని బండికి ఒక పక్క నిలబడింది. ఒక్కో ముక్క బయటికి తీసి కొలుస్తుంటే, తన ఒంట్లోంచి తీస్తున్నట్టు దవడ బిగబట్టి చూస్తోంది. గంగాప్రసాద్‌కు ఇంజన్ వైపు చూడబుద్ధి కాలేదు. కూతురి ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

అన్నీ కొలిచాక పెద్ద మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "అంతా సక్రమంగా ఉంది. ఖలాస్," అన్నాడు. అక్కడున్నవాళ్లు తేలికపడి ఊపిరి వదిలారు. ఒకరిద్దరు స్వర్ణ వైపు నడిచారు.

"ఒక్క మాట," అన్నాడు గంగాప్రసాద్.

అందరూ ఆగారు. అతను తనకొచ్చిన హిందీలో, తడబడుతూ చెప్పాడు. "ఈ బండిలో తప్పు లేదని నాకు నిన్ననే తెలుసు. దీన్ని నా బిడ్డ ఎంత నిష్ఠగా చూసుకుంటుందో నాకన్నా ఎక్కువ ఎవరికీ తెలియదు. నా రికార్డు పోయిందన్న కడుపుమంటతో విప్పమన్నాను. మీరు నా బిడ్డను అనుమానంగా చూసి ఉంటే ఆ పాపం నాది. నన్ను క్షమించమని మీ అందరి ముందు ఆమెను అడుగుతున్నాను."

వహీద్ గబగబా కళ్లు తుడుచుకున్నాడు. స్వర్ణ మాత్రం తండ్రికేసి చూడకుండా హెల్మెట్ తీసుకుని బయటికి నడిచింది.

గంగాప్రసాద్ ఆమె వెనకే వెళ్లాడు. పందెం సాయంత్రం కాబట్టి ట్రాక్ ఖాళీగా ఉంది. ఆమె గోడ దాటి తారు మీదికి దిగి నడుస్తోంది. అతను నడుము పట్టుకుని ఆ గోడ దాటడానికి తంటాలు పడుతుంటే, ఆగి వెనక్కి వచ్చి చేయి అందించింది.

"నడుము నొప్పి నిజమేనా?" అంది.

"అది నిజమే."

ఇద్దరూ కొంతదూరం పక్కపక్కన నడిచారు. పెద్ద మలుపు దగ్గరికి వచ్చాక అతను నిలబడ్డాడు. "ఇక్కడ నేను బ్రేకు తొక్కుదును. ఎంత ధైర్యం చేసినా కాలు అదే పోయేది. నువ్వేం చేసినవ్?"

స్వర్ణ తారు మీద బయటి అంచుకు పోయి నిలబడింది. "నేను ఇక్కడిదాక పోయిన బాపు. గోడకు తగుల్తదేమో అన్నంత దగ్గర. గాలి గోడకు తగిలి తిరిగొస్తది, బండిని లోపలికి నూకుతది. బ్రేకు అక్కర్లేదు."

అతను ఆమె పక్కకు పోయి నిలబడి ఆ మలుపును చూశాడు. ఎన్నోసార్లు తిరిగిన మలుపే, అక్కడి నుంచి కొత్తగా కనిపించింది. "ఇది నేను నేర్పలే నీకు," అన్నాడు.

"నువ్వు నేర్పలే. నేనే దొరకబట్టిన."

"అవును బిడ్డా. నువ్వే దొరకబట్టినవ్." అప్పుడతని కళ్ల నుంచి నీళ్లు కారాయి. దాచుకోలేదు. "నాకన్న మంచిగ నడిపినవ్. నిన్ననే అనాల్సిన మాట ఇది."

స్వర్ణ కూడా ఏడ్చింది. చాలాసేపటికి ముక్కు తుడుచుకుంటూ అంది: "నిన్న రాత్రంత నీ మీద కోపంతోనే ఉన్న. తెల్లారంగ ఒకటనిపించింది. రేపు నా రికార్డు ఎవరన్న కొడితే నేను సక్కగుంటనా? నాకు కూడ ఏదో ఒకటి పుట్టదా లోపల? ఆలోచిస్తే భయమైంది."

"పుడ్తది," అన్నాడు అతను. "పుట్టినప్పుడు ఫోన్ దగ్గరికి పోకు. నా దగ్గరికి రా."

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపులోనే నవ్వింది.

సాయంత్రం పందెంలో స్వర్ణ గెలవలేదు, నాలుగో స్థానంలో వచ్చింది. ఆ సంగతి విందులో ఎవరూ పట్టించుకోలేదు. ఆమె పేరు పిలిచినప్పుడు గంగాప్రసాద్ లేచి క్లబ్బు కోటు మడత విప్పి పట్టుకున్నాడు. ఒక చేయి దూర్చాక రెండో చేయికి కోటు అందక స్వర్ణ తిప్పలు పడింది. అతను కాస్త వంగి, నడుము కలుక్కుమన్నా ఓర్చుకుని, ఆ చేయి కూడా తొడిగించి, మెడ దగ్గర కాలరు సరిచేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు.

"ఎట్లున్నదమ్మ?" అని తల్లి వైపు తిరిగి అడిగింది స్వర్ణ.

జమున దర్జీ కంటితో కూతుర్ని పైనుంచి కిందికి చూసింది. "భుజాలు వదులైనయి. రేపు పట్టుకొస్తే కుట్టు వేస్త," అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.